ఆకాశవాణి, దూరదర్శన్ ఎవరికి లెక్క చెప్పాలి?

(విజయవాడలో ఒక గ్రంథాలయ పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ఇవాళ నాకిచ్చిన విషయం ప్రసార భారతి స్వయంప్రతిపత్తి. ప్రసార భారతి అంటే ఆకాశవాణిని, దూరదర్శన్‌ని నడిపే సంస్థ. స్వయంప్రతిపత్తి అంటే ప్రభుత్వం అదుపు లేకుండా తన పని తాను చేసుకోవడం. పిలిచినవాళ్లు ఏమీ అనుకోకపోతే దాన్ని కాస్త మారుస్తాను. స్వయంప్రతిపత్తి గురించి మనం నలభై ఏళ్లకు పైగా మాట్లాడుతూనే ఉన్నాం. ఇచ్చారా, ఇవ్వలేదా, ఇస్తే ఎంత ఇచ్చారు అని. నేను అడగదలుచుకున్నది వేరు. రేపు పొద్దున ఆకాశవాణి వార్తల్లో ఒక తప్పు వచ్చింది అనుకోండి. లేదా రావాల్సిన వార్త రాలేదు. ఎవరిని అడగాలి? మీరు అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరికుంది? ఈ హాల్లో ఎవరికైనా తెలుసా? చేతులెత్తండి. ఒక్కరూ లేరు. మీ తప్పేం లేదు, అలాంటి చోటు ఇప్పటిదాకా లేదు. ప్రసార భారతి చట్టంలో ఉంది, బయట లేదు. ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా ఆ సంగతే.

ముందు వరుసలో పెద్దవాళ్లు కూర్చున్నారు. రేడియోకి లైసెన్సు ఉండేదని మీకు గుర్తుండాలి. పోస్టాఫీసుకి వెళ్లి, డబ్బు కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకుని రావాలి. ఎనభైల్లో దాన్ని ఎత్తేశారు. మంచిదే అనుకున్నాం. ఆ లైసెన్సు డబ్బు అప్పుడూ ప్రభుత్వ ఖజానాకే పోయేది, అది వేరే విషయం. కానీ కనీసం చేతిలో ఒక పుస్తకం ఉండేది. నేను డబ్బు కట్టి వింటున్నాను అన్న స్పృహ ఉండేది. ఇప్పుడు మనం కట్టడం మానామా? మానలేదు. సబ్బు బిళ్ల మీద పన్నులో కడుతున్నాం, పెట్రోలు మీద పన్నులో కడుతున్నాం. అది ఢిల్లీ చేరి, బడ్జెట్లో గ్రాంటుగా మారి, సమాచార ప్రసార శాఖ చేతుల మీదుగా ప్రసార భారతికి వెళ్తుంది. మధ్యలో ఉన్న చెయ్యి ఎవరిదో సంస్థకు తెలుసు. ఇచ్చేది మనమని ఎవరికీ గుర్తుండదు. ఒక్కోసారి మనకే గుర్తుండదు.

ప్రసార భారతి చట్టం ఎందుకొచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. 1975 జూన్ 26 పొద్దున్న ఎమర్జెన్సీ సంగతి దేశానికి తెలిసింది రేడియోలోనే. ఆ తర్వాత ఇరవై ఒక్క నెలలు ఆకాశవాణి ఏం మాట్లాడిందో పెద్దవాళ్లకు గుర్తుంది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చి ప్రచార సాధనాల దుర్వినియోగం మీద శ్వేతపత్రం పెట్టింది. బి.జి. వర్గీస్ అధ్యక్షతన కమిటీ వేసింది. వర్గీస్ కమిటీ 1978లో ఏం చెప్పిందంటే, ఆకాశ్ భారతి పేరుతో ఒక జాతీయ ట్రస్టు పెట్టండి, రేడియో, టీవీ దాని చేతికివ్వండి అని. 1979లో అద్వానీ మంత్రిగా ఉండగా బిల్లు వచ్చింది. ట్రస్టు పోయింది, కార్పొరేషన్ వచ్చింది. లోక్‌సభ రద్దయింది, బిల్లూ పోయింది. మళ్లీ పదేళ్లు ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఇక్కడి నుంచి కథ మన తెలుగువాళ్ల చేతిలో పడింది. ఇది నాకు సరదాగా ఉంటుంది, కొంచెం బాధగానూ ఉంటుంది. 1989 ఎన్నికల్లో నేషనల్ ఫ్రంట్, ఎన్టీఆర్ అధ్యక్షుడిగా ఉన్న ఫ్రంట్, రేడియో టీవీలకు స్వేచ్ఛ ఇస్తామని మాటిచ్చింది. గెలిచింది. సమాచార ప్రసార మంత్రి ఎవరు? పర్వతనేని ఉపేంద్ర. తర్వాత ఇదే విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకు గెలిచాయన. ప్రభుత్వం వచ్చిన నెలలోనే, డిసెంబరులో, బిల్లు పెట్టారు. 1990 సెప్టెంబరు 12న రాష్ట్రపతి సంతకమైంది. చట్టమైంది. అయితే అమల్లోకి ఎప్పుడు రావాలో ప్రభుత్వం నోటిఫై చేయాలి. ఆ పని కాకుండానే నవంబరులో ప్రభుత్వం పడిపోయింది. తర్వాత చంద్రశేఖర్, ఆయన తర్వాత ప్రధాని ఎవరు? పి.వి. నరసింహారావు. ఆయనా మనవారే. ఐదేళ్లూ ఆ చట్టం అటక మీదే ఉంది. కమిటీలు మాత్రం వేశారు.

ఆ మధ్యలో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది. క్రికెట్ కేసు. 1993 హీరో కప్ మ్యాచ్‌లు ఎవరు ప్రసారం చేయాలి అని బెంగాల్ క్రికెట్ సంఘానికీ ప్రభుత్వానికీ గొడవ. మ్యాచ్‌లు ఎప్పుడో అయిపోయాయి, గొడవ మాత్రం కోర్టులో మిగిలింది. ఆ బెంచిలో ముగ్గురు జడ్జిలు. విడిగా తీర్పు రాసిన ఒకాయన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, మన తెలంగాణ మనిషి. రేడియో, టీవీ ప్రసారాలు నడిచే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని ఆ తీర్పు చెప్పింది. జీవన్ రెడ్డిగారు ఇంకో అడుగు ముందుకేసి, ప్రసార సాధనాలు ప్రజల అదుపులో ఉండాలి, ప్రజలూ ప్రభుత్వమూ ఒకటి కాదు అని రాశారు. ఈ రెండో సగం గుర్తుపెట్టుకోండి. ప్రజల అదుపు వేరు, ప్రభుత్వ అదుపు వేరు. ఎవరి అదుపూ వద్దు అని ఆయన అనలేదు సుమా. మనం స్వయంప్రతిపత్తి అనగానే అలా అనుకుంటాం. తీర్పులో ఉన్నది అది కాదు.

చివరికి 1997లో చట్టాన్ని అటక మీంచి దించిందెవరు? జైపాల్ రెడ్డి. ఆయన సమాచార ప్రసార మంత్రిగా ఉండగా సెప్టెంబరు 15 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది, నవంబరు 23న ప్రసార భారతి ఏర్పడింది. ఒకరు బిల్లు తెచ్చారు, ఒకరు పక్కన పెట్టారు, ఒకరు తీర్పు రాశారు, ఒకరు అమలు చేశారు. నలుగురూ తెలుగువాళ్లే. చప్పట్లు కొట్టేముందు కాస్త ఆగండి, అసలు సంగతి ఇంకా రాలేదు.

చట్టంలో ఏముంది? పదిహేను మంది బోర్డు. ఛైర్మన్, ఎగ్జిక్యూటివ్ మెంబర్, అంటే మనం సీఈఓ అనేవారు, ఆర్థిక వ్యవహారాలకు ఒకరు, సిబ్బంది వ్యవహారాలకు ఒకరు, ఆరుగురు పార్ట్‌టైమ్ సభ్యులు, ఆకాశవాణి డైరెక్టర్ జనరల్, దూరదర్శన్ డైరెక్టర్ జనరల్, శాఖ తరఫున ఒకరు, ఉద్యోగుల తరఫున ఇద్దరు. ఛైర్మన్నీ, మిగతా ముఖ్యుల్నీ ఎవరు ఎంపిక చేస్తారు? ముగ్గురి కమిటీ. ఉపరాష్ట్రపతి, ప్రెస్ కౌన్సిల్ ఛైర్మన్, రాష్ట్రపతి నియమించే ఒకరు. కాగితం మీద చూస్తే బాగుంది కదా? మంత్రి లేడు. కానీ రాష్ట్రపతి ఎవరి సలహా మీద నియమిస్తారు? ప్రభుత్వం సలహా మీదే. ఆచరణలో ఆ మూడో కుర్చీలో కూర్చుంటున్నది సమాచార ప్రసార శాఖ కార్యదర్శి. మంత్రిని వీధి తలుపు దగ్గర ఆపాం, ఆయన కార్యదర్శికి పెరటి తలుపు తీశాం.

తీసేయడం మాత్రం కష్టమే. ఛైర్మన్నో, పూర్తికాలం సభ్యుణ్ణో దుష్ప్రవర్తన కింద తీసేయాలంటే సుప్రీంకోర్టు విచారణ జరగాలి. ఇది నిజంగా వాడారు కూడా. 2010 కామన్వెల్త్ క్రీడల ప్రసారం కాంట్రాక్టు మీద పెద్ద వివాదం వచ్చింది. అప్పటి సీఈఓ బి.ఎస్. లల్లీ విషయాన్ని రాష్ట్రపతి సుప్రీంకోర్టుకు పంపారు, 2010 డిసెంబరులో ఆయన్ని సస్పెండ్ చేశారు. అంటే ఏమిటి? డబ్బు విషయంలో గట్టి లెక్క అడిగే దారి ఉంది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ ఉంది, వార్షిక నివేదిక పార్లమెంటుకు వెళ్తుంది. డబ్బు పోతే పట్టుకోగలం. మాట పోతే? అక్కడే చిక్కు.

ఆ చిక్కు చట్టం రాసినవాళ్లకు తెలుసు. తెలిసే రెండు సెక్షన్లు పెట్టారు. నోట్ చేసుకునేవాళ్లు చేసుకోండి, 13, 14. 13వ సెక్షన్ కింద ఇరవై రెండు మంది ఎంపీలతో ఒక కమిటీ. పదిహేను మంది లోక్‌సభ నుంచి, ఏడుగురు రాజ్యసభ నుంచి. ప్రసార భారతి తన పని ఈ చట్టం ప్రకారం చేస్తోందా లేదా అని చూసి పార్లమెంటుకు నివేదిక ఇవ్వడమే దాని పని. 14వ సెక్షన్ కింద ప్రసార మండలి. అధ్యక్షుడు, పది మంది ప్రముఖులు, నలుగురు ఎంపీలు. మనలాంటి వాళ్లు ఫిర్యాదు చేస్తే తీసుకునేది, విచారించేది, సంస్థకు సలహా చెప్పేది ఈ మండలి. నేను మొదట్లో అడిగాను కదా, ఎవరికి చెప్పాలి అని? దీనికే చెప్పాలి.

ఇరవై ఎనిమిదేళ్లు దాటింది. ఆ కమిటీ వేయలేదు. ఆ మండలీ వేయలేదు. ఒక్కసారి కూడా వేయలేదు. కాంగ్రెస్ వేయలేదు, బీజేపీ వేయలేదు, ఫ్రంట్లు వేయలేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. 1997 అక్టోబరులో జైపాల్ రెడ్డి ఉండగానే ఒక ఆర్డినెన్స్, అంటే పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు తెచ్చే తాత్కాలిక చట్టం, వచ్చింది. ఎంపీల కమిటీ ఉంటే రాజకీయ జోక్యం అవుతుంది, స్వేచ్ఛ తగ్గుతుంది అని దాన్ని తీసేశారు. ఉద్దేశం మంచిదే అని నేను నమ్ముతాను. తర్వాత ఏడాది ప్రభుత్వం మారింది. ఆర్డినెన్స్ గడువు తీరిపోయింది, తీసేసిన సెక్షన్ తిరిగొచ్చింది. పార్లమెంటుకు జవాబుదారీ కావాలి అన్నారు కొత్తవాళ్లు. అదీ సబబే. సరే, సెక్షన్ వచ్చింది కదా, కమిటీ వేశారా? లేదు! పార్లమెంటు వద్దన్నవాళ్లు పోయారు, కావాలన్నవాళ్లు వచ్చారు, కుర్చీలు మాత్రం ఖాళీ. 2014లో శామ్ పిట్రోడా కమిటీ పెద్ద నివేదిక ఇచ్చింది, చట్టం మార్చి నిజమైన స్వేచ్ఛ ఇవ్వండి అని. అదీ అటకెక్కింది.

ఇప్పుడు అవతలి వైపు చూద్దాం. ప్రభుత్వం చేతిలో ఏముంది? 23వ సెక్షన్. నన్నడిగితే ఈ చట్టంలో బాగా రాసిన సెక్షన్ ఇదే. చాలామంది దీన్ని తిడతారు, నేను మెచ్చుకుంటాను. ఏముంది అందులో? దేశ సమగ్రత, భద్రత, శాంతిభద్రతల కోసం ఫలానాది ప్రసారం చేయొద్దనో, ఫలానాది చేయమనో కేంద్రం ఆదేశం ఇవ్వొచ్చు. ఇస్తే, ఇది ప్రభుత్వ ఆదేశం మీద ప్రసారం చేస్తున్నాం అని సంస్థ కావాలనుకుంటే అక్కడే ప్రకటించుకోవచ్చు. ఆ ఆదేశం కాపీ పార్లమెంటు ఉభయసభల ముందు పెట్టి తీరాలి. చూశారా ఎంత పద్ధతిగా ఉందో! చెప్పదలుచుకుంటే కాగితం మీద చెప్పు, సంతకం పెట్టి చెప్పు, దేశం ముందు పెట్టు.

మరి మీలో ఎవరైనా వార్తల ముందు అలాంటి ప్రకటన విన్నారా? నేనైతే వినలేదు. ఎందుకు వినలేదు? ఆదేశాలే అక్కర్లేదు కాబట్టి. డబ్బు శాఖ నుంచి రావాలి. ఉద్యోగుల్లో 2007 అక్టోబరు 5 దాకా చేరినవాళ్లంతా చట్టం ప్రకారం డెప్యుటేషన్ మీద, అంటే ప్రభుత్వం నుంచి అరువు మీద వచ్చినట్టు ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు. సంస్థకు సొంత రిక్రూట్‌మెంట్ బోర్డు వచ్చింది 2020లో, అంటే పుట్టిన ఇరవై మూడేళ్లకి. ఇంటి పెత్తనం నీదే అని కోడలికి చెప్పి బీరువా తాళాలు అత్తగారు బొడ్లో దోపుకున్నట్టు ఉంది. ఆ కోడలికి మళ్లీ ఆదేశం ఎందుకు? అత్తగారు ఒకసారి దగ్గితే చాలు.

దగ్గడం ఎలా ఉంటుందో 2018లో అందరం చూశాం. సంస్థకూ శాఖకూ మధ్య నియామకాల మీద గొడవైంది. శాఖ పంపిన ప్రతిపాదనల్ని బోర్డు తిరస్కరించింది. తర్వాత అప్పటి ఛైర్మన్ సూర్యప్రకాశ్ బయటికొచ్చి, జీతాలకు ఇవ్వాల్సిన నిధులు శాఖ ఆపింది, మేం అత్యవసర నిధిలోంచి తీసి జీతాలు ఇచ్చాం అన్నారు. శాఖ కాదంది. నిబంధనల ప్రకారమే వెళ్తున్నాం అంది. ఎవరి మాట నిజం అని నేను తీర్పు చెప్పను. ఒక్కటి గమనించండి. ఆ ఛైర్మన్ ప్రభుత్వ వ్యతిరేకిగా పేరున్న మనిషి కాదు. ఆ ప్రభుత్వ హయాంలోనే వచ్చాయన. అలాంటాయనకే నోరు విప్పాల్సి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో ఆయన పదవీకాలం ముగిసింది. మరి తర్వాతి ఛైర్మన్ ఎప్పుడొచ్చారు? 2024 మార్చిలో. నాలుగేళ్లు! దేశం మొత్తానికీ వినిపించే, కనిపించే సంస్థకు నాలుగేళ్లు ఛైర్మన్ లేరు. ఆ నాలుగేళ్లలో మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? అదే నా బాధ.

ఏ పార్టీ ఉన్నా జరిగేది ఇదే అని చెప్పడానికి కొన్ని ఉదాహరణలు. 2014 ఏప్రిల్, కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ కాలం. ప్రధాని అభ్యర్థి నరేంద్ర మోదీ ఇంటర్వ్యూ దూరదర్శన్‌లో వచ్చింది. కొన్ని భాగాలు కత్తిరించారని గొడవ. అదే ఏడాది అక్టోబరు, ప్రభుత్వం మారింది. ఆరెస్సెస్ అధినేత విజయదశమి ప్రసంగం దూరదర్శన్ లైవ్ ఇచ్చింది. మళ్లీ గొడవ. 2017 ఆగస్టు 15, త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ ప్రసంగం. మాటలు మార్చకపోతే ప్రసారం చేయం అన్నారని ఆయన ఆరోపణ. 2024 మేలో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి ఎన్నికల ప్రసంగం. ఆయనా తెలుగాయనే. మతతత్వ నియంతృత్వ పాలన అన్న ధోరణిలో ఉన్న కొన్ని మాటలు తీయించారు. ఎన్నికల సంఘం నిబంధనల ప్రకారమే చేశామని సంస్థ జవాబు. ఆ జవాబు సరైనదే కావచ్చు, కాకపోవచ్చు. నేను అడిగేది, తేల్చాల్సింది ఎవరు? ఈ నాలుగు గొడవలూ ఎక్కడ జరిగాయి? పేపర్లలో, టీవీ చర్చల్లో, పార్టీ ఆఫీసుల ప్రెస్‌మీట్లలో. నాలుగు రోజులు అరుచుకున్నారు, అయిపోయింది. 14వ సెక్షన్ మండలి ఉండి ఉంటే ఫైలు తెప్పించేది, ఎవరు కత్తిరించారో అడిగేది, ఒక పేజీ రాసి పెట్టేది. ఆ పేజీ ఈసారి పనికొచ్చేది. ఆ పేజీ లేదు కాబట్టే ప్రతిసారీ మొదటికొస్తున్నాం.

ఆ పక్కనుంచి ఎవరో అంటున్నారు, ప్రైవేటు చానెళ్లు ఇంతకన్నా ఘోరం కదండీ అని. నిజమే. కాదనను. కానీ ఆ చానెల్ మీకు నచ్చకపోతే రిమోట్ నొక్కుతారు. రేడియోలో రిమోట్ ఏదీ? మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. కావాలంటే ఆకాశవాణి వార్తల్నే ఉన్నదున్నట్టు వేసుకోవాలి. పొలంలో, ఆటోలో, పడవ మీద రేడియో వినే మనిషికి వార్త అంటే ఆకాశవాణి ఒక్కటే. ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని మరింత గట్టిగా అడగాలి కదా?

బీబీసీ సంగతి చెప్పమంటారని తెలుసు, క్లుప్తంగా చెప్తాను. బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ దేవాలయమేం కాదు. దాని ఛైర్మన్ని ప్రభుత్వమే ఎంపిక చేస్తుంది. 2023లో ఛైర్మన్ రిచర్డ్ షార్ప్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ప్రధానిగా ఉన్న బోరిస్ జాన్సన్‌కు అప్పు ఏర్పాటు వ్యవహారంలో తన పాత్రని నియామకం ముందు సరిగా చెప్పలేదని విచారణలో తేలింది. 2025 నవంబరులో ట్రంప్ ప్రసంగాన్ని ఎడిట్ చేసిన తీరు మీద గొడవై డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, వార్తల విభాగం అధిపతి డెబొరా టర్నెస్ ఇద్దరూ దిగిపోయారు. వాళ్లూ తప్పులు చేస్తారు. తేడా ఎక్కడుందంటే, ప్రేక్షకుడు ఫిర్యాదు చేస్తే ముందు సంస్థ జవాబివ్వాలి. నచ్చకపోతే బయట ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ ఉంది, అక్కడికి వెళ్లొచ్చు. వెళ్లడానికి ఒక చోటుంది.

మనకూ ఒకప్పుడు అందులో చిన్న ముక్క ఉండేది. జాబులు, జవాబులు కార్యక్రమం గుర్తుందా? కార్డు ముక్క మీద రాస్తే పేరు చదివి జవాబు చెప్పేవాళ్లు. నాటకం ఆలస్యంగా వేశారనో, పాత పాటే మళ్లీ వేశారనో రాసేవాళ్లం. చదివేవాళ్లు, సంజాయిషీ చెప్పేవాళ్లు. కానీ వార్తల గురించి రాసిన ఉత్తరం చదివారా? అబ్బే.

ఇంకో సంగతి మర్చిపోయేవాణ్ణి. ఈ సంస్థ విధులన్నీ 12వ సెక్షన్లో ఉన్నాయి. పౌరుడికి నిష్పాక్షికంగా సమాచారం ఇవ్వాలి, పల్లెలు, వ్యవసాయం, పిల్లలు, మహిళలు, భాషలు, అన్నీ రాశారు. చదువుతుంటే కడుపు నిండిపోతుంది. అదే సెక్షన్ చివర్లో ఒక వాక్యం ఉంది. వీటిని పాటించలేదన్న ఒక్క కారణం మీద సంస్థ మీద సివిల్ బాధ్యత ఉండదు అని. నష్టపరిహారం కోసం కోర్టుకెక్కలేం అన్నమాట. అర్థం చేసుకోగలను, లేకపోతే రోజుకో దావా పడుతుంది. కానీ కోర్టు తలుపు మూసినప్పుడు మండలి తలుపు తెరవాలి కదా. రెండూ మూసేస్తే ఎలా?

ఇప్పుడు మనం చేయగలిగింది. ప్రసార భారతి సమాచార హక్కు చట్టం కిందకి వస్తుంది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. తప్పు వార్త ఎందుకు చదివారు అని అడిగితే జవాబు రాదు, ఎందుకు అన్నదానికి ఆ చట్టంలో జవాబు ఉండదు. రికార్డు అడగాలి. మన విజయవాడ కేంద్రంలో మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని? రోజుకి ఎన్ని గంటలు ఇక్కడే తయారైన కార్యక్రమాలు, ఎన్ని గంటలు బయటి కేంద్రాల రిలే? గత ఐదేళ్లలో శ్రోతల నుంచి వచ్చిన ఫిర్యాదుల రిజిస్టరు ఉందా, ఉంటే కాపీ. 23వ సెక్షన్ కింద ఇప్పటిదాకా వచ్చిన ఆదేశాలెన్ని, వాటి కాపీలు. ఈ చివరిది ఢిల్లీకి వేయాలి. ఎవరైనా వేస్తానంటే దరఖాస్తు నేను రాసిస్తాను, సభ అయ్యాక రండి.

రెండోది ఎంపీలు. పార్లమెంటులో సమాచార సాంకేతికత, కమ్యూనికేషన్ల స్థాయీ సంఘం అని ఎంపీల సంఘం ఒకటి ఉంది, ప్రసార భారతి బడ్జెట్ దాని ముందుకి వస్తుంది. అందులో తెలుగు సభ్యులు ఉన్నారా, ఉంటే ఎవరు అనేది లోక్‌సభ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. లేకపోయినా ఏ ఎంపీ అయినా రాతపూర్వక ప్రశ్న వేయొచ్చు. 13వ సెక్షన్ కమిటీ, 14వ సెక్షన్ మండలి వేశారా, వేయకపోతే కారణమేంటి, ఎప్పుడు వేస్తారు? మూడు లైన్ల ప్రశ్న. మంత్రి సభలో జవాబివ్వాలి, అది రికార్డులో ఉంటుంది. ఉపేంద్ర గెలిచిన సీటు నుంచి ఈ ప్రశ్న వెళ్తే బాగుంటుందని నా ఆశ. ఉత్తరం ముసాయిదా ఆ బల్ల మీద పెట్టాను, చదివి, సరే అనిపించినవాళ్లు సంతకం చేయండి.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. ప్రశ్నలుంటే తీసుకుంటాను. ముందు ఆ వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మాయికి మైకు ఇవ్వండి.